శాన్‌ఫ్రాన్సిస్కో ప్రెసిడియో

కాలిఫోర్నియాలో గోల్డెన్ గేట్ వంతెనకు దక్షిణపు కొసన, 1,491 ఎకరాల్లో ఉన్న పూర్వపు సైనిక స్థావరం ప్రెసిడియో. 1776 నుంచి 1994 వరకు స్పెయిన్, మెక్సికో, అమెరికా సైన్యాలు ఒకదాని తర్వాత ఒకటి దీన్ని ఏలాయి. ఇప్పుడిది జాతీయ పార్కులో భాగం. పాత సైనిక గృహాల్లో జనం కాపురముంటారు, బ్యారక్‌లలో సంస్థలు నడుస్తాయి, వాటి అద్దెలే పార్కు పోషణకు ప్రధాన ఆధారం.

ఇది ఒలోనీ ప్రజల నేల. స్పెయిన్ సైనికులు ఇక్కడ మట్టి ఇటుకలతో కోట కట్టారు. మెక్సికో చేతికి వచ్చాక ఆలనాపాలనా లేక పాడుబడింది. 1846లో అమెరికా వశమైంది. గాలికి ఇసుక రేగే బోడి గుట్టల మీద 1880లలో సైన్యం యూకలిప్టస్, సైప్రస్, పైన్ మొక్కలు నాటింది. నేటి అడవి ఆ నాటుడు ఫలితమే. 1906 భూకంపం, అగ్నిప్రమాదాల్లో ఇళ్లు పోయినవారికి ఇక్కడే గుడారాలు వేశారు.

ఈ స్థావరం చరిత్రలో మరువకూడని ఘట్టం రెండో ప్రపంచ యుద్ధ కాలానిది. 1941 నవంబరులో, స్థావరంలోని విమానాశ్రయమైన క్రిస్సీ ఫీల్డ్‌లో ఒక విమానాల షెడ్డులో సైన్యం రహస్యంగా జపాను భాషా పాఠశాల తెరిచింది. విద్యార్థుల్లో దాదాపు అందరూ జపాను సంతతి అమెరికన్ సైనికులే. కొద్ది నెలలకే అదే ప్రెసిడియోలోని తన కార్యాలయం నుంచి జనరల్ జాన్ డివిట్, పశ్చిమ తీరంలోని జపాను సంతతివారిని ఇళ్లు ఖాళీ చేయించే ఉత్తర్వులు జారీ చేశాడు. లక్ష మందికి పైగా నిర్బంధ శిబిరాల పాలయ్యారు. దేశం కోసం ఆ భాషను సానబెట్టుకుంటున్నవారి బంధువులూ అందులో ఉన్నారు. ఆ షెడ్డు నేడు ఈ చరిత్రను చెప్పే ప్రదర్శనశాల.

సైన్యం వదిలితే స్థలం పార్కుకే చెందాలని, అమెరికా కాంగ్రెస్ సభ్యుడు ఫిలిప్ బర్టన్ చొరవతో 1972లోనే చట్టం వచ్చింది. నగరంలో ఇంత ఖరీదైన తీరభూమి ప్లాట్లుగా చీలిపోకుండా ఉందంటే, ఆ ముందుచూపుకే ఎక్కువ ఘనత దక్కాలి. స్థావరాన్ని మూసివేయాలని 1989లో నిర్ణయించారు, 1994 అక్టోబరు 1న అది పార్కు శాఖకు దక్కింది. వందలాది పాత భవనాల మరమ్మతు ఖర్చు భారం కావడంతో 1996లో ప్రెసిడియో ట్రస్టు ఏర్పడింది. 2013 నాటికి ప్రభుత్వ ఏటేటి నిధులు లేకుండా తన కాళ్ల మీద నిలబడాలన్నది షరతు. ట్రస్టు గడువులోగా దాన్ని నెరవేర్చింది.

లెటర్‌మన్ సైనికాసుపత్రి ఆవరణలో 2005లో లూకాస్‌ఫిల్మ్ స్టూడియో వెలిసింది. ఒక బ్యారక్ 2009లో వాల్ట్ డిస్నీ కుటుంబ మ్యూజియమైంది. పేరున్న ఈ అద్దెదారుల కన్నా క్రిస్సీ ఫీల్డ్ పునరుద్ధరణే గొప్ప పని. 20వ శతాబ్ది తొలినాళ్లలో పూడ్చేసిన చిత్తడి నేల మీద సైన్యం విమానాశ్రయం నిర్మించింది. 1990ల చివర్లో తారు పెకలించి, కలుషితమైన మట్టిని ఎత్తివేసి, సముద్రపు పోటు నీటికి మళ్లీ దారి ఇచ్చారు. పక్షులు, చేపలు తిరిగి చేరాయి. 2001లో ఆ తీరం ప్రజలకు తెరుచుకుంది. స్థావరాన్ని తీరం నుంచి విడదీసిన డాయిల్ డ్రైవ్ రహదారిని కూల్చి, కొత్తదాన్ని కొంతమేర సొరంగాల్లోంచి మళ్లించారు. ఆ సొరంగాల పైకప్పు మీద వేసిన 14 ఎకరాల ఉద్యానం 2022లో ప్రారంభమైంది.