పావుగంట హిసాబ్

చీపురుపల్లి లాంటి ఊళ్లలో మన బచ్చాలు బడిలో తెలుగులోనో ఇంగ్లీషులోనో టైమ్ నేర్చుకుంటారు. ఇంట్లో నానీమా ‘పౌనే దస్ బజే’ అంటే మాత్రం తడబడతారు. పది దాటిందనుకుంటారు గానీ అప్పటికి 9.45 మాత్రమే. ఇందులో పిల్లల కసూర్ లేదు. ఆ లఫ్జ్ లోపల ఏముందో మనం విప్పి చెప్పడం లేదు, అంతే.

పౌనే మూలం సంస్కృత ‘పాదోన’, అంటే పావు తక్కువ. సవా ‘సపాద’ నుంచి వచ్చింది, పావుతో కలిపి అని. సాఢే ‘సార్ధ’, సగంతో కలిపి. మన తెలుగు పావు కూడా ఆ పాదం ఔలాదే. మూడు పావులైతే ముప్పావు. ఇక డేఢ్, ఢాయీ జిద్దీ లఫ్జులు. ‘సాఢే ఏక్’, ‘సాఢే దో’ అంటే నానీమా నవ్వుతుంది. ఢాయీ మూలం ‘అర్ధతృతీయ’, మూడోది సగమే అని. దస్తర్‌ఖాన్ మీద రెండు రోటీలు, పక్కన సగం రోటీ పెట్టి చూపిస్తే ఐదేళ్ల పిల్లకైనా అర్థమవుతుంది.

అసలు పావుగంటే పాత జమానాది కాదు. అప్పట్లో రోజుకు 60 గడియలు. ఒక్కో గడియ 24 నిమిషాలు. జాము, అంటే పహర్, 3 గంటలు. 15 నిమిషాలకు సరిపోయే కొలత వాటిలో లేదు. గంటల గడియారంతోనే పావుగంట ఇంట్లోకొచ్చింది. పాత గడియ మాత్రం గడియారంలోనూ ఘడీలోనూ పేరుగా మిగిలింది.

మన వైపు రైలు 1893–1896 మధ్య వచ్చింది. అప్పుడు రైళ్లు మద్రాస్ టైమ్ మీద నడిచేవి. చీపురుపల్లి మద్రాసుకు తూర్పున ఉంది కాబట్టి ఇక్కడి సూర్యుడు ఆ గడియారం కంటే సుమారు 13 నిమిషాలు ముందుండేవాడు, దాదాపు పావుగంట! నీడ చూసుకుని స్టేషన్‌కు బయల్దేరినవాడికి రైలు ఎప్పుడూ లేటే. 1906 జనవరి 1న దేశమంతటికీ ఒకే వఖ్త్ పెట్టాక ఆ ఫర్క్ 4 నిమిషాలకు తగ్గింది.

మా తరానికి పావు చేతిలోనే ఉండేది, పావలా బిళ్లగా. నాలుగు పావలాలు రూపాయి, నాలుగు పావుగంటలు గంట. 2011 జూన్ 30తో పావలా చెల్లకుండా పోయింది. ఇప్పటి పిల్లలకు మిగిలింది కూరగాయల బండి దగ్గర పావుకిలో ఒక్కటే. పైగా ఫోన్‌లో 9.45 అని అంకెలే కనిపిస్తాయి. పదికి ఇంకా ఎంత దూరముందో ముల్లు చూపించినట్టు అంకె చూపించదు.

మసీదుల్లో జమాత్ వేళలు చూపే బోర్డు చూసే ఉంటారు, చేత్తో తిప్పే ముళ్లతో వరుసగా ఐదు గడియారాలు. అట్టముక్కతో అలాంటిది ఇంట్లో ఒకటి చేయండి. ముల్లు మీరు తిప్పకండి, బచ్చాలనే తిప్పనివ్వండి. మొదట సవా, తర్వాత సాఢే, ఆఖర్న పౌనే. డేఢ్ బజే మాత్రం జొహర్ జమాత్ పుణ్యమా అని చాలామందికి ముందే వచ్చేసి ఉంటుంది.