అరకు సంతలో సముద్రం

అరకులోయను గూర్చి వ్రాసినవారిలో చాలామంది వలిసెపూలను, బొర్రా గుహలను, సొరంగాలలో దూరి వెలికివచ్చే రైలును వర్ణించారు. నేను మాత్రం అక్కడికి వెళ్ళిన ప్రతిసారీ సంతలో ఎండుచేపలమ్మే వరుస దగ్గర ఆగిపోతాను. విశాఖపట్నానికి దాదాపు 115 కిలోమీటర్ల దూరాన, తొమ్మిదివందల మీటర్లకు పైబడిన ఎత్తున, గోనెపట్టాల మీద నెత్తళ్ళు, కవ్వళ్ళు, ఉప్పుపట్టిన సొరముక్కలు కుప్పలుగా పడి ఉంటాయి. పక్కనే పసుపు, చింతపండు, రాగులు. కళ్ళు మూసుకొని ఆ వాసన పీలిస్తే, ఘాట్ రోడ్డంతా వెనక్కి దిగి భీమిలి ఇసుకలో నిలబడినట్లే ఉంటుంది.

ఒకసారి అక్కడ అమ్ముతున్న ఒక ముసలమ్మను “ఏ ఊరమ్మా మీది?” అని అడిగాను. “సముద్రం ఒడ్డే బాబూ. మా అయ్య తెప్ప మీద తెరసాప ఎత్తీవోడు. ఇప్పుడు తెరసాపా లేదు, ఆ తెప్పా లేదు” అన్నది. ఆమె నెత్తళ్ళు కొలుస్తూ యథాలాపంగా అన్న ఆ మాటే ఈ వ్యాసానికి మూలం. ఈ కొండలకూ ఆ తెరచాపకూ ఉన్న బాంధవ్యం ఎంత పాతదో, ఎలా తెగిందో చూద్దామనిపించింది.

మొదట తెప్పను గురించి. ఇంగ్లీషువారి ‘కాటమరాన్’ తమిళుల ‘కట్టుమరం’ నుండి వచ్చినదే. 1697లో అచ్చయిన తన యాత్రాగ్రంథంలో విలియం డాంపియర్ కోరమాండల్ తీరపు ఈ దుంగల కట్టును వర్ణించాడు. మనవాళ్ళకు అది తెప్ప. బూరుగు, పెద్దమాను వంటి తేలికపాటి కలప దుంగలను చెక్కి, జతపరచి కట్టినది. దానికి మునిగిపోవడమనేది లేదు. నీరు దుంగల సందుల్లోంచి వచ్చి, అలాగే పోతుంది. పెను కెరటాలు విరిగే మన తీరంలో లోతైన ఓడకు చోటు లేదు. విశాఖ ఓడరేవు తెరిచినదే 1933లో. అంతకుముందు ఎన్నో తరాలపాటు కెరటం దాటి వెళ్ళడానికీ, తిరిగి ఇసుక మీదికి రావడానికీ తెప్పే దిక్కు. ఒడ్డు చేరాక దుంగలను విప్పి ఎండబెట్టేవారు. నీరు పీల్చిన మాను బరువెక్కుతుంది గనుక.

తెరచాప పని గాలితో ముడిపడినది. తెల్లవారుజామున నేల చల్లబడి, గాలి ఒడ్డు నుండి సముద్రం వైపు వీస్తుంది. ఆ గాలితో బయలుదేరుతారు. పగలు నేల వేడెక్కి, మధ్యాహ్నానికి గాలి సముద్రం నుండి ఒడ్డుకు మళ్ళుతుంది. ఆ గాలితో తిరిగివస్తారు. గాలి పడిపోతే తెడ్డే గతి. కనుక ఎంత దూరం పోవాలో, ఎంతసేపు వల వేయాలో నిర్ణయించేది గాలే. జాలరులు, వాడబలిజలు తరతరాలుగా నేర్చిన విద్య ఇది. బడిలో చెప్పేది కాదు, పుస్తకానికెక్కినది అంతకన్నా కాదు.

ఇక చేప. మంచుగడ్డ లేని రోజుల్లో ఒకేసారి పడ్డ నెత్తళ్ళను ఏం చేయాలి? సన్నచేపలను ఇసుక మీదనే ఎండబోసేవారు. పెద్దచేపలను చీల్చి ఉప్పు పట్టించేవారు. కాని ఉప్పు మీద దొరతనపు పన్ను ఉండేది. చేపల కోసమని మద్రాసు ప్రెసిడెన్సీలో ప్రత్యేకంగా ‘చేపలు ఉప్పు వేసే యార్డులు’ పెట్టి, అక్కడ మాత్రం పన్ను లేని ఉప్పు ఇచ్చేవారు. ఉప్పు పన్ను పూర్తిగా రద్దయినది 1947లోనే. కొండవారికి ఆ పన్నుతో బాటు దారి ఖర్చు కూడా కలిసిన ఉప్పు ఎంత ప్రియమై ఉంటుందో ఊహించుకోవచ్చు. ఎండుచేప వారికి కూరతో బాటు ఉప్పును కూడా మోసుకొచ్చిందని నా ఊహ.

ఎలా వచ్చింది? కావళ్ళ మీద, ఎడ్ల మీద. తీరపు ఉప్పును లోనాడులకు మోసిన లంబాడీల ఎడ్ల బిడారులు చరిత్రలో ప్రసిద్ధం. 1839 నాటి 24వ చట్టంతో ఈ కొండనాడును గవర్నరు ఏజెంటు క్రింద ఉంచారు. ‘ఏజెన్సీ’ అన్న పేరు అలా నిలిచింది. సంతదారులు మాత్రం అంతకన్నా పాతవి. చేప పైకి పోతే, చింతపండు, పసుపు, కరక్కాయలు క్రిందికి దిగాయి. నూలు వలలు కుళ్ళకుండా చింతగింజల పొట్టు మరిగించిన రసంలో ముంచేవారు. తెప్పకు కావలసిన తేలిక కలప కూడా కొండ అడవులలో పెరిగేదే. అంటే చెట్టు దిగివచ్చి తెప్పయింది, గింజ దిగివచ్చి వలను కాపాడింది, చేప ఎక్కిపోయి కూరయింది. ఒకరినొకరు ఎన్నడూ చూడని రెండు జనాలు ఒకరి బ్రతుకునొకరు మోసుకున్నారు.

ఇందులో అన్యాయం లేదనలేను. దళారి తూకమూ, అప్పుల వడ్డీయూ కొండవాడిని పీల్చాయి. 1956లో గిరిజన సహకార సంస్థ ఏర్పడడానికి కారణం అదే. ఒడ్డున జాలరి కూడా పెట్టుబడి పెట్టినవాడికి చేపను ముందే తాకట్టు పెట్టినవాడే. రెండుచోట్లా ధర మరొకరి చేతిలో ఉండేది.

తరువాత మార్పు వేగంగా వచ్చింది. నైలాను వల వచ్చాక చింతగింజ రసంతో పని లేకపోయింది. 1960 దశకంలో వేసిన కొత్తవలస–కిరండూల్ రైలుమార్గం బైలదిలా ఇనుపఖనిజాన్ని ఓడరేవుకు దింపడానికి పుట్టినా, సంత సరకులనూ ఎక్కించుకుంది. మరపడవలు వచ్చాయి, మంచుగడ్డ వచ్చింది; మంచి చేప నగరానికీ ఎగుమతికీ మళ్ళింది. 1979లో మొదలైన బంగాళాఖాత మత్స్య కార్యక్రమం వంటివి కొత్త పడవలను పరిచయం చేశాయి. ఫైబరు తెప్ప, బయట తగిలించే మోటారు వచ్చాక తెరచాప మెల్లగా మూలపడింది.

దీనికి నేను విలపించడం లేదు. గాలి కోసం సముద్రంలో పడిగాపులు పడినవాడికే మోటారు విలువ తెలుస్తుంది. నన్ను బాధించేది మరొకటి. 2022 ఏప్రిల్ 4న అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడినప్పుడు అరకు అందులోకి వెళ్ళింది. పాడేరు దానికి కేంద్రమైంది. కొండవారికి కలెక్టరు దగ్గరవడం మంచిదే. కాని ఇకమీద కొండ చరిత్ర ఒక పుస్తకంలోనూ, సముద్రం చరిత్ర మరొక పుస్తకంలోనూ వ్రాస్తారు. రెండింటినీ కలిపిన ఎండుచేప ఏ పుస్తకంలోనూ ఉండదు.

రాజుల శాసనాలు రాతి మీద ఉంటాయి. తెరచాప చరిత్ర మాత్రం తండ్రిని తలచుకొనే ఒక ముసలమ్మ నోట ఉంది. ఆమె తరం గడిచేలోపు మీ ఇళ్ళలో, మీ ఊళ్ళలో ఇటువంటి మాట వినబడితే వ్రాసి ఉంచండి. నేను ఆ రోజు పావుకిలో నెత్తళ్ళు కొన్నాను. ఇంటికొచ్చేదాకా బస్సంతా సముద్రమే.