గోదారి గోడ నడిచిన దారి

డెల్టాలో గోడ తరతరాలుగా కాళ్ళకింది మట్టిలోంచే లేచింది. బంకమట్టిలో గడ్డి, ఊక వేసి తొక్కి, ఒక వరస ఆరాక మరో వరస పెట్టేవారు. ఆ మందపు గోడలు దాటి ఎండ లోపలికి చేరేసరికి పొద్దు వాలేది. అయితే మనది ఉక్కనేల. రాత్రి గాలి ఆడకపోతే గోడ దాచుకున్న వేడి మళ్ళీ గదిలోకే వస్తుంది. మండువా లోగిళ్ళు కట్టినవారు ఇది బాగా ఎరిగినవారు. నడుమ మండువాలోంచి గాలి ఆడేది, వసారా చూరు గోడకు ఎండ తగలనిచ్చేది కాదు.

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది. కాలవల కింద వరి పండి, కలిగినవారి ఇళ్ళకు ఇటుక, గానుగ సున్నం వచ్చాయి. ఆ ఇటుకకూ పంట మట్టే ఆధారం.

మట్టిగోడను కూల్చింది మాత్రం నీరే. 1986 ఆగస్టు వరద, 1996 నవంబరు 6న కోనసీమను ఊపేసిన తుఫాను చూసినవారు మళ్ళీ మట్టిల్లు కోరుకోలేదు. వారిని తప్పుపట్టలేం. కానీ ఆ భయంలో గోడకు బలం ఒక్కటే చూశాం, వేడి సంగతి ఫ్యాన్లకూ ఏసీలకూ వదిలేశాం.

థర్మల్ కేంద్రాల బూడిదను ఇటుకల్లో వాడాలని కేంద్రం 1999లో ఉత్తర్వు తెచ్చింది. 2016లో దాని పరిధిని 300 కిలోమీటర్లకు పెంచడంతో విజయవాడ, పరవాడ కేంద్రాల పరిధిలోకి రాజమండ్రి కూడా వచ్చింది. ఇక్కడ మట్టి మిగలడం, వేడిని ఆపడం అనే రెండు లెక్కలు కలిపేస్తున్నాం. బూడిద ఇటుకకు బట్టీ అక్కర్లేదు, పొలం పైమట్టి మిగులుతుంది. అది గొప్ప మేలు. అయితే ఎండను ఆపడంలో ఎర్ర ఇటుక కన్నా పెద్దగా మెరుగు కాదు. ఆ పని చేసేది ఏఏసీ (ఆటోక్లేవ్డ్ ఏరేటెడ్ కాంక్రీట్) బ్లాకు. లోపలంతా గాలి బుడగలు కావడంతో బరువు ఎర్ర ఇటుకలో మూడోవంతు, వేడిని పోనిచ్చేదీ చాలా తక్కువ.

గోడలు, కిటికీల గుండా ఇంట్లోకి వచ్చే వేడి చదరపు మీటరుకు 15 వాట్లు మించరాదని ఇళ్ళ ఇంధన పొదుపు నియమావళి, 2018 నాటి ఎకో నివాస్ సంహిత అంటుంది. 2020 డిసెంబరులో కాకినాడ దగ్గర కొమరగిరిలో మొదలైన పేదల ఇళ్ళ పథకంలో పట్నంలో సెంటు, పల్లెలో సెంటున్నర స్థలం ఇచ్చారు. అందులో మండువాకూ వసారాకూ చోటేది? ఆ ఇళ్ళకే, కనీసం పడమటి గోడకైనా, ఈ తేలిక బ్లాకు ముందు దక్కాలి.