ఉక్కునగరంలో ఉద్యోగధర్మం

1955 ఫిబ్రవరి 2వ తేదీన భారత ప్రభుత్వానికీ సోవియట్ ప్రభుత్వానికీ మధ్య ఢిల్లీలో ఒక ఒడంబడిక కుదిరినది. దాని ఫలితంగా నాటి మధ్యప్రదేశ్‌లోని దుర్గ్ జిల్లాలో, హౌరా నుండి బొంబాయి పోవు రైలుమార్గం చెంత, ఏటా పది లక్షల టన్నుల ఉక్కును తీయగల కర్మాగారం వెలసినది. 1959 ఫిబ్రవరి 4వ తేదీన రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ భిలాయిలో మొదటి బ్లాస్టు ఫర్నేసును ప్రారంభించినారు. దేశంలో ఉక్కు పెరిగిన కథను చెప్పువారు ఈ తేదీలతో మొదలుపెట్టుట వాడుక. నేను వీటితోనే మరొక కథను మొదలుపెట్టదలచినాను. అది ప్రభుత్వోద్యోగి కథ. అంతవరకు దస్త్రాలు నడిపిన ప్రభుత్వం కొలిమి నడపవలసి వచ్చినప్పుడు, క్రమశిక్షణ అన్న మాటకూ జవాబుదారీ అన్న మాటకూ ఏమి అర్థం మిగిలినదన్నది ఇక్కడి ప్రశ్న.

ఈ ప్రశ్న మన దేశానికి కొత్తది కాదు. రాజధనాన్ని అధికారులు అపహరించు మార్గాలు నలుబది అని కౌటిల్యుడు లెక్కకట్టినాడు. కాని ఆయన చింత ప్రధానంగా ధనాన్ని గురించినది. తరువాత వచ్చిన ఆంగ్లేయుల పాలనలో ఉద్యోగి శిక్షణ అంటే పైవాని ఉత్తరువును పాటించుట, కాగితాన్ని సరియైన వరుసలో పైకి పంపుట. తాలూకా కచేరీలో ఒక కాగితం మూడు దినాలు ఆగినచో రైతు మూడు దినాలు వేచియుండును. నష్టం నిజమే కాని అది మెల్లగా జరుగు నష్టం. ఊదుకొలిమి అట్లు వేచియుండదు. ఒకసారి వెలిగించిన తరువాత అది ఏండ్ల తరబడి రేయింబవళ్ళు మండవలసినదే. కోక్ ఓవెన్ల బ్యాటరీ చల్లారినచో లోపలి ఇటుకలు పగులును. ఇక్కడ ఒక గంట అలసత్వానికి ఫలితం ఆ గంటలోనే కనిపించును.

కాబట్టి భిలాయిలో క్రమశిక్షణ మొదట పుస్తకాల నుండి గాక పని స్వభావం నుండి పుట్టినది. రాజ్‌హరా కొండల నుండి ఖనిజం, నందిని నుండి సున్నపురాయి, తూర్పు గనుల నుండి బొగ్గు వేళకు రావలెను. మూడు షిఫ్టులలో ఏ ఒక్కటి ఆలస్యమైనను తక్కిన రెండూ దెబ్బతినును. సోవియట్ నిపుణుల పెద్దగా 1957లో వచ్చిన వేనియమిన్ దిమ్‌షిత్స్, ఆయనతోటి ఇంజనీర్లు మన యువకులతో కొలిమి పక్కనే నిలిచి పని నేర్పినారు. మన ఇంజనీర్లు అనేకులు సోవియట్ కర్మాగారాలలో శిక్షణ పొంది వచ్చినారు. దేశపు నలుమూలల నుండి జనం వచ్చి చేరినారు. మన శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాల నుండి విజయనగరం, రాయపూర్ రైలుమార్గాన వచ్చిన తెలుగు కుటుంబాలు అక్కడ స్థిరపడి, సెక్టారుల వీధులలో సంక్రాంతి జరుపుకొన్నవి. నాగలి వదలి వచ్చినవానికి కూత వేళకు కార్డు గుద్దుట కొత్త. అయినను పది లక్షల టన్నుల దశ 1961 నాటికి, ఇరువదియైదు లక్షల టన్నుల దశ 1967 నాటికి పూర్తియైనవి. క్రమశిక్షణ లేని జనం ఈ పని చేయజాలరు.

అయితే క్రమశిక్షణ ఒక వంతు మాత్రమే. ఉద్యోగి పైవానికి లోబడియుండవలెనన్నచో, పైవాడు ఎవరికి లోబడియుండవలెను? ఈ రెండవ ప్రశ్నకు సమాధానం కొలిమి చెప్పదు, చట్టం చెప్పవలెను. చట్టం ఇచ్చట చాలకాలం తడబడినది.

భిలాయి కర్మాగారం 1957లో హిందూస్థాన్ స్టీల్ సంస్థ చేతికి వచ్చినది. ఆ సంస్థ వాటాలన్నియు ప్రభుత్వానివే, దాని డైరెక్టర్లను నియమించునదీ ప్రభుత్వమే. అయినను దాని రూపం మాత్రం కంపెనీల చట్టం కింద నమోదైన కంపెనీ. మరి అందులో పనిచేయువాడు ప్రభుత్వోద్యోగియా, కాడా? రాజ్యాంగంలోని 311వ అధికరణం ప్రకారం ప్రభుత్వపు సివిల్ ఉద్యోగిని విచారణ జరుపకుండ, అతని సమాధానం వినకుండ తొలగింపరాదు. హిందూస్థాన్ స్టీల్‌లో నియమితుడై, తరువాత ఉద్యోగం కోల్పోయిన ఒక సహాయ వైద్యుడు ఈ రక్షణ తనకును కలదని న్యాయస్థానాలను ఆశ్రయించినాడు. 1969 చివర సుప్రీంకోర్టు అతని వాదాన్ని అంగీకరింపలేదు. కంపెనీ వేరు, ప్రభుత్వం వేరు, కంపెనీ ఉద్యోగి కేంద్రప్రభుత్వ సివిల్ ఉద్యోగి కాడని తీర్పు చెప్పినది.

తీర్పు చట్టరీత్యా సరియైనదే కావచ్చును. కాని దాని ఫలితాన్ని గమనింపవలెను. ప్రభుత్వోద్యోగికి ఉన్న బాధ్యతలన్నియు ఈ ఉద్యోగి మీద ఉన్నవి, ప్రభుత్వోద్యోగికి ఉన్న రాజ్యాంగ రక్షణ మాత్రం అతనికి లేదు. స్టాండింగ్ ఆర్డర్లు అతనికి శరణ్యం. హిందూస్థాన్ స్టీల్ స్టాండింగ్ ఆర్డర్లలోనే ఒక నిబంధన ఉండెడిది. ఉద్యోగిని కొనసాగించుట సంస్థ భద్రతకు తగదని పై అధికారి తలచినచో, విచారణ లేకయే తొలగింపవచ్చునని దాని సారాంశం. 1984లో ఈ నిబంధన సుప్రీంకోర్టు ముందుకు వచ్చినది. విచారణ ఎందుకు అక్కరలేదో కారణం చెప్పవలెననియు, ఇట్టి నిబంధనను రాజ్యాంగ భావానికి అనుగుణంగా తిరిగి వ్రాసికొనుట ప్రభుత్వరంగ సంస్థకు తగుననియు న్యాయస్థానం అన్నది. అంతకు నాలుగేండ్ల ముందే, 1980లో, రూపం కంపెనీయైనను సొసైటీయైనను ప్రభుత్వపు సాధనంగా పనిచేయు సంస్థ ప్రాథమిక హక్కుల విషయంలో రాజ్యమే యగునని మరొక తీర్పు స్థిరపరచినది. మొదటి కొలిమి వెలిగిన తరువాత ఈ మాత్రం స్పష్టత రావడానికి పాతికేండ్లు పట్టినది.

ఇక పైవాని జవాబుదారీ సంగతి. పార్లమెంటులో ప్రశ్న వచ్చినప్పుడు, అది సంస్థ దైనందిన వ్యవహారమని మంత్రి అనవచ్చును. బోర్డును అడిగినచో మంత్రిత్వశాఖ ఉత్తరువని అనవచ్చును. జనరల్ మేనేజరును అడిగినచో బోర్డు నిర్ణయమని అనవచ్చును. ముగ్గురి మాటలలోను కొంత నిజం ఉండును. నిజం మూడు ముక్కలైనప్పుడు జవాబు ఎవరి వద్దను మిగలదు. ఈ చిక్కును నాటివారు గుర్తింపలేదనరాదు. 1959లో కృష్ణమీనన్ సంఘం ప్రభుత్వరంగ సంస్థలపై పార్లమెంటు పర్యవేక్షణను గురించి సూచనలు చేసినది. 1964లో ప్రభుత్వరంగ సంస్థల పార్లమెంటరీ సంఘం ఏర్పడినది. అదే సంవత్సరం, సంతానం సంఘం సిఫారసులను అనుసరించి, కేంద్ర విజిలెన్స్ కమిషన్ ఏర్పడినది. కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ తనిఖీ మొదటినుండియు ఉన్నది. 2005లో సమాచార హక్కు చట్టం వచ్చినది. ఏర్పాట్లకు కొరతలేదు. అయితే వీటిలో అధికభాగం కౌటిల్యుని చింతనే మోసినవి. రూపాయి ఎటు పోయినదని అడిగినంత గట్టిగా, మనిషి ఎట్లు పోయినాడని అడుగలేదు.

మనిషిని గురించి అడిగిన ఉదాహరణ ఒకటి తెలుగునేల మీదనే ఉన్నది. 1956 సెప్టెంబరులో మహబూబ్‌నగర్ వద్ద వంతెన కూలి రైలు పడిపోగా నూరుమందికి పైగా మరణించినారు. రైల్వేమంత్రి లాల్ బహదూర్ శాస్త్రి రాజీనామా ఇవ్వజూపినారు. ప్రధాని నెహ్రూ అంగీకరింపలేదు. నవంబరులో అరియలూరు వద్ద మరొక ఘోరం జరిగినది. ఈసారి శాస్త్రి పట్టుబట్టగా రాజీనామా ఆమోదం పొందినది. వంతెనలను ఆయన కట్టలేదు, ఆ రైళ్ళను ఆయన నడుపలేదు. అయినను శాఖ తనది గనుక జవాబు తనదన్నారు. దీనిని అందరును మెచ్చుకొనుట న్యాయమే. కాని ఒక మాట చెప్పక తప్పదు. రాజీనామా నైతికమైన జవాబు, వంతెన ఎందుకు కూలినదన్న ప్రశ్నకు అది సమాధానం కాదు. ఒకటి చేసి రెండవది మరచుట మనకు అలవాటైపోయినది.

భిలాయి కథలో మరొక వర్గం ఉన్నది. వారి పేర్లు కర్మాగారపు హాజరుపట్టీలో ఉండవు. రాజ్‌హరా గనులలో ఖనిజాన్ని చేతితో తవ్వి ఎత్తిన కాంట్రాక్టు కూలీలు వారు. కొలిమికి వారి శ్రమ కావలెను, కాని వారి యజమాని కాంట్రాక్టరు. కోక్ ఓవెన్లలో పనిచేసి, ఆ ఉద్యోగం పోగొట్టుకొన్న శంకర్ గుహా నియోగి 1977లో వారిని సంఘటితం చేసినాడు. ఆ జూన్ నెలలో దల్లీ రాజ్‌హరాలో పోలీసు కాల్పులు జరిగి కార్మికులు మరణించినారు. తరువాత ఆ కార్మికులు తమ చందాలతో, తమ శ్రమతో 1983లో షహీద్ ఆస్పత్రిని నిలుపుకొన్నారు. 1991 సెప్టెంబరు 28వ తేదీన నియోగి భిలాయిలో హత్యకు గురియైనాడు. కాంట్రాక్టు వ్యవస్థను ఒక పనిలో నిషేధించినంత మాత్రాన ఆ కూలీలు తమంతట తాము సంస్థ ఉద్యోగులు కారని 2001లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చినది. ఆ వ్యాజ్యంలో కక్షిదారు హిందూస్థాన్ స్టీల్ వారసత్వాన్ని పొందిన స్టీల్ అథారిటీయే. కర్మాగారం గేటులోపలి క్రమశిక్షణ వీరికి పూర్తిగా వర్తించును. గేటు వెలుపల జవాబు చెప్పవలసివచ్చినప్పుడు మాత్రం వీరు మరొకరి మనుషులగుదురు.

ఈ కథకు ఇటీవలి అధ్యాయాలు రెండు. 2014 జూన్ 12వ తేదీన నీటి సరఫరాలో లోపం ఏర్పడి, బ్లాస్టు ఫర్నేసు వాయువు పంపుహౌసులోకి ప్రవేశించినది. రంగు, వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ అందులో ఉన్నది. ఆరుగురు మరణించినారు. వారిలో ఇద్దరు డిప్యూటీ జనరల్ మేనేజర్లు. పెద్ద ఉద్యోగులు కచేరీ గదులలో ఉందురనియు, ప్రమాదం కూలివానిదే అనియు తలచువారు ఈ విషయాన్ని గమనింతురు గాక. 2018 అక్టోబరు 9వ తేదీన కోక్ ఓవెన్ల వద్ద వాయువు గొట్టానికి మరమ్మతు జరుగుచుండగా మంటలు లేచినవి. పదిమందికి పైగా ప్రాణాలు కోల్పోయినారు. మరమ్మతువారితోపాటు, వారికి రక్షణగా నిలిచిన అగ్నిమాపక సిబ్బందియు అందులో ఉన్నారు. ఆధునికీకరించిన ఈ కర్మాగారాన్ని ప్రధానమంత్రి జాతికి అంకితం చేసి అప్పటికి నాలుగు నెలలే అయినది. రెండవ ప్రమాదం తరువాత కర్మాగారపు ముఖ్య కార్యనిర్వహణాధికారిని వెంటనే తొలగించినారు, ఇద్దరు అధికారులను సస్పెండు చేసినారు.

దీనిని జవాబుదారీ అనవచ్చునా? కొంతవరకు అనవచ్చును. ఒకప్పుడు దండన సామాన్యంగా కిందివానితో ఆగెడిది, ఈసారి అది పై మెట్టును తాకినది. ఆ మేరకు ఇది ముందడుగే. కాని వేగంగా పడిన దండన విచారణకు బదులు కారాదు. వాయువు గొట్టం మీద పని జరుగవలెనన్నచో పర్మిటు కావలెను. గొట్టాన్ని ఎవరు మూసినారు, వాయువు లేదని ఎవరు పరీక్షించినారు, ఎవరు అనుమతించినారు అన్నది దానిమీద సంతకాలతో ఉండవలెను. ఆ కాగితమే క్రమశిక్షణకూ జవాబుదారీకీ కూడలి. సంతకం చేయువాడు స్వయంగా చూచి చేసినచో అది రక్షణ. ఉత్పత్తి ఆగునన్న భయంతో చూడకయే చేసినచో, తరువాత ఎవరిని శిక్షింపవలెనో తెలుపు చీటీ మాత్రమే అగును. అట్టి భయాన్ని కలిగించినవారి సంతకం ఆ కాగితంపై ఉండదు.

కావున నాకు తోచిన మాట ఇది. కిందివానిలో మనం కోరవలసిన క్రమశిక్షణ లోబడుట ఒక్కటే కాదు. ఇప్పుడు ఈ పని తగదని పైవానితో అనగల ధైర్యం కూడ అందులో భాగమే. అట్లు అన్నవానిని దండింపకుండ కాపాడుట పైవాని జవాబుదారీలో మొదటి అంశం. 311వ అధికరణం వెనుకనున్న ఆలోచనయు ఇదియే. ఉద్యోగి తన కుర్చీని గురించి భయపడనప్పుడే నిజం వ్రాయగలడు. ఆ రక్షణను కంపెనీ ఉద్యోగికి కొంత, కాంట్రాక్టు కూలికి ఇంకను తక్కువ ఇచ్చి, అందరి నుండియు ఒకే నిజాయితీని ఆశించుట ధర్మం కాదు.

భిలాయిలో చుట్టిన రైలుపట్టాలు దేశమంతట పరచియున్నవి. మన ఊళ్ళ మీదుగా పోవు బండ్లు వాటి మీదనే నడచును. ఆ పట్టా కింద ఎవరి పేరును లేదు. కాని దానిని తీయుటలో మరణించినవారి ఇంటివారికి ఒక హక్కు ఉన్నది. ఏమి జరిగినది, ఎందుకు జరిగినది, మరల జరుగకుండ ఏమి చేసినారు అన్న మూడు సంగతులు వారికి తెలిసిన భాషలో వ్రాసి, వారి చేతికి అందజేయవలెను. నష్టపరిహారం, ఇంటిలో ఒకరికి ఉద్యోగం అవసరమైనవే, కాని అవి దీనికి బదులు కావు. ప్రభుత్వోద్యోగంలో జవాబుదారీ అన్నది చివరకు ఆ గుమ్మం ముందు నిలిచి చెప్పవలసిన జవాబే.