పని మానడం నేరమైన కథ

జగిత్యాల, నిజామాబాద్ పల్లెల్లో ‘హురూబ్’ అన్న అరబ్బీ మాటకు అర్థం చెప్పనక్కర్లేదు. సౌదీకి మనిషిని పంపిన ఇంట్లో ఆ మాట వినబడిన రోజు ఎవరికీ ముద్ద దిగదు. హురూబ్ అంటే పారిపోవడం. పనివాడు చెప్పకుండా పోయాడని కఫీల్, అంటే అతణ్ని రప్పించుకున్న యజమాని, ప్రభుత్వానికి తెలిపితే అతని అకామా (నివాస అనుమతి) చెల్లకుండా పోవచ్చు. పట్టుబడితే నిర్బంధం, ఆపైన స్వదేశానికి పంపివేత, మళ్లీ రాకుండా నిషేధం. అలా కాగితాలు లేకుండా మిగిలిపోయినవాణ్ని మనవాళ్లు ‘ఖల్లివల్లి’ అంటారు. జీతం అందక వెళ్లినా, దెబ్బలు తాళలేక వెళ్లినా ముద్ర ఒక్కటే.

దొంగతనం చేయలేదు, ఎవరినీ కొట్టలేదు. పని వదిలాడు, అంతే. అది నేరం ఎప్పుడైంది?

మూలం ఇంగ్లండులో దొరుకుతుంది. 1348లో అక్కడ అడుగుపెట్టిన ప్లేగు ఊళ్లకు ఊళ్లను ఊడ్చేసింది. కూలీలు కరవై కూలి రేట్లు పెరిగాయి. 1349లో రాజు ఓ శాసనం చేశాడు: పాత రేటుకే పని చేయాలి, గడువు తీరకముందే కారణం లేకుండా పని వదిలితే చెర. ఆ ఆలోచన అయిదు శతాబ్దాలు బతికింది. 1823 నాటి యజమాని–సేవకుల చట్టం పని విడిచినవాడికి మూడు నెలల దాకా కఠిన శిక్ష పెట్టింది. యజమాని మాట తప్పితే మాత్రం అది డబ్బు తగాదా.

అదే మూడు నెలలు 1859లో మన దేశానికి వచ్చాయి. ఆ ఏటి 13వ చట్టం ముందు కలకత్తా, మద్రాసు, బొంబాయి నగరాల కోసం పుట్టి తర్వాత జిల్లాలకు పాకింది. అడ్వాన్సు తీసుకున్న పనివాడు పనికి రాకపోతే మేజిస్ట్రేటు ముందు నిలబెట్టవచ్చు. సొమ్ము తిరిగి కట్టు, లేదా పని చెయ్యి. రెండూ కాకపోతే జైలు. అస్సాం తేయాకు తోటల యజమానులు ఈ చట్టాన్ని విరివిగా వాడుకున్నారు. అక్కడికి విశాఖపట్నం, గంజాం జిల్లాల నుంచీ కూలీలు వెళ్లారు.

ఒప్పంద కూలీలుగా సముద్రం దాటినవాళ్ల గతి ఇంకా కఠినం. కోరంగి రేవు నుంచి ఓడ ఎక్కినందుకు మారిషస్‌లో మనవాళ్లకు ‘కోరంగీలు’ అనే పేరే స్థిరపడింది. అక్కడి చెరకు తోటల్లో ఒకరోజు పనికి రాకపోతే రెండు రోజుల కూలి కోసేవారు. 1867 చట్టం వచ్చాక, ఒప్పందం ముగిసినవాడు కూడా తన ఫొటో ఉన్న చీటీ దగ్గర పెట్టుకోవాలి. అది లేకుండా కనబడితే పోలీసులు పట్టుకునేవారు.

1860లో మద్రాసు నుంచి దక్షిణాఫ్రికాలోని నాటాల్ చేరిన తొలి ఓడ ‘ట్రూరో’లోనూ తెలుగువాళ్లున్నారు. 1894లో అక్కడి డర్బన్‌లో బాలసుందరం అనే తమిళ కూలీ, యజమాని కొట్టగా పళ్లు విరిగి, నెత్తురోడుతూ గాంధీ దగ్గరికి వచ్చాడు. మామూలు నౌకరు పని మానేస్తే సివిల్ దావా. ఒప్పంద కూలీ మానేస్తే జైలు. అందుకే గాంధీ అతణ్ని ఇంకో యజమానికి మార్పించాల్సి వచ్చింది. గల్ఫ్‌లో మనవాళ్లు నేడు ‘రిలీజ్’ (వేరే యజమాని దగ్గరికి మారే అనుమతి) కోసం తిరిగేది కూడా ఇందుకే.

సౌదీని బ్రిటిషువాళ్లు ఏలలేదు. కానీ పక్కనే ఉన్న బహ్రెయిన్ వాళ్ల నీడలో ఉండేది. అక్కడ ముత్యాల కోసం మునిగేవాళ్లు పడవ నాయకుడైన నఖూదాకు ఎప్పుడూ బాకీ ఉండేవారు. బాకీ లెక్క రాసిన ‘బర్వా’ చీటీ లేనిదే మరో పడవ ఎక్కడానికి లేదు. 1920ల్లో బ్రిటిషు అధికారులు ఈ వ్యవస్థను నిబంధనల్లోకి తెచ్చారు. గల్ఫ్‌లో పనివాణ్ని కఫీల్‌కు కట్టిపెట్టే కఫాలా పద్ధతికి వేళ్లు ఆ కాలపు వలస పాలనలో ఉన్నాయని చెప్పే చరిత్రకారులున్నారు. సౌదీ నివాస చట్టం 1952లో వచ్చింది. చమురు డబ్బుతో కట్టడాలు లేచేకొద్దీ పరాయి కూలీల సంఖ్య పెరిగింది, కఫీల్ చేతిలో అధికారమూ పెరిగింది.

మార్పు రాకపోలేదు. 2021 మార్చి 14 నుంచి కొన్ని షరతులతో, యజమాని అనుమతి లేకుండానే ఉద్యోగం మారడానికీ దేశం విడవడానికీ సౌదీ వీలు కల్పించింది. అయితే ఇళ్లలో పనిచేసేవారు, ఇంటి డ్రైవర్లు, తోటమాలులు, గొర్రెల కాపరులు ఆ సంస్కరణలో చేరలేదు. కోనసీమ, కడప ఆడవాళ్లు వెళ్లే పనీ, ఎడారిలో ఒంటరిగా మందను కాచే తెలంగాణ మనిషి పనీ సరిగ్గా అవే. సాయానికి కేక వేసినా వినబడని చోట్లు అవి.

ఇంగ్లండు తన చట్టాన్ని 1875లో ఎత్తేసింది. మన దేశంలో మరో యాభై ఏళ్లు పట్టింది: 1859 చట్టం 1925లో రద్దయింది. అది పోయిందని తోటలు ఎండిపోలేదు, మిల్లులు మూతపడలేదు. బాకీ ఉంటే లెక్క చూసుకున్నారు, పని నచ్చకపోతే మానుకున్నారు. మన తాతలకు ఆనాడు దక్కిన ఆ స్వేచ్ఛ, రియాద్ శివారులో గొర్రెల మంద వెంట నడిచే మనవడికి కూడా దక్కాలి.