హైడ్రోజెల్ డ్రెస్సింగ్

నీటిని పట్టి ఉంచుకునే పాలిమర్ల అల్లికతో చేసిన గాయపు కట్టు. ఇందులో అధిక భాగం నీరే. ఇలాంటి జెల్‌ను వైద్యానికి వాడవచ్చని 1960లో చెక్ శాస్త్రవేత్తలు ఒట్టో విఖ్తెర్లె, ద్రహోస్లావ్ లీమ్ ప్రతిపాదించారు. మెత్తటి కాంటాక్ట్ లెన్సులు పుట్టింది అందులోంచే.

ఈ కట్టును మధుమేహుల పాదాల పుండ్లకూ వాడతారు. వారి పాదాల్లో నరాలు మొద్దుబారి పుండు నొప్పి తెలియదు, రక్తప్రసరణ తగ్గుతుంది, బాక్టీరియా జిగురుపొరగా పేరుకుపోతుంది. హైడ్రోజెల్ ఎండిన మృతకణజాలాన్ని నానబెట్టి ఊడేలా చేస్తుంది. రసి ఎక్కువగా కారే పుండుకు ఇది తగదు, చుట్టుపక్కల చర్మం నాని చెడుతుంది. ముఖ్యంగా, మామూలు హైడ్రోజెల్ సూక్ష్మజీవులను చంపదు. అందుకే వెండి నానోకణాలు, కైటోసాన్, యాంటీబయాటిక్‌లు కలిపిన రకాలపై పరిశోధనలు సాగుతున్నాయి. ఇన్ఫెక్షన్ సోకినప్పుడు కట్టును నమ్ముకుని ఆగడం ప్రమాదకరం: యాంటీబయాటిక్ మందులు, కుళ్లిన కణజాలం తొలగింపు, పాదంపై భారం తగ్గించడం, చక్కెర అదుపు తప్పనిసరి.