ఎఫ్ ఉండాల్సిన చోట బి

జనవరి చివరి వారం. 1938లో మొదలైన నుమాయిష్ ప్రదర్శన ఈ యేడూ హైదరాబాద్ నాంపల్లి రోడ్డును జనంతో నింపేసింది. స్టేషన్ ముందు ఆటోల మధ్య దారి చేసుకుని చిరాగ్ అలీ లేన్‌లోకి మళ్లితే, ఆబిడ్స్ వైపు అడుగడుగునా షాపుల బోర్డులే. ఓ పాత కాంప్లెక్సు మెట్లెక్కి పైకి రండి. రిపేరు షాపు బల్ల మీద కొత్త పీసీ క్యాబినెట్ ఒకటి, పక్క అద్దం ఊడదీసి పడుకోబెట్టి ఉంది. ఫ్యాన్ల రెక్కల మీద ఇంకా దుమ్ము కూడా చేరలేదు. రంగురంగుల లైట్లతో వెలుగుతున్న ఈ పెట్టె గంట తిరక్కుండానే ప్రాణం విడుస్తోంది.

తెచ్చిన అమ్మాయి పెళ్లి ఆల్బమ్‌లు డిజైన్ చేస్తుంది. కూడబెట్టిన డబ్బుతో సామానంతా విడివిడిగా కొని, తమ్ముడి చేత బిగించుకుంది. మాఘమాసం ముహూర్తాలు ముంచుకొస్తున్నాయి.

"బ్లూ స్క్రీన్ మీద ఏమొస్తున్నది చెల్లె?"

"ఒక్కోసారి ఒక్కోటి అన్నా. మొన్న మెమరీ మేనేజ్‌మెంట్ అన్నది. నిన్న పేజ్ ఫాల్ట్ అని ఏదో వచ్చింది. పొద్దుగాల గ్రాఫిక్స్ డ్రైవర్ పేరు చూపించింది. అది తీసేసి మళ్ల ఎక్కించిన. ఆఖరికి విండోసే కొత్తగ ఎక్కిద్దామంటే, ఫైలు ఖరాబైందని సగంల ఆగింది."

ఆ చివరి మాటకు మెకానిక్ తలెత్తాడు. "రోజుకో పేరు చెప్తుంటే ఏ పేరూ నమ్మొద్దు."

నిజమే. డ్రైవరే చెడిపోతే దాదాపు ప్రతిసారీ దాని పేరే బయటపడుతుంది. ర్యామ్ చెడితే అలా కాదు. చెడిన గదిలో ఆ క్షణాన ఎవరు అద్దెకుంటే నేరం వాళ్ల మీదికి పోతుంది. అందుకే ఎంతోమంది అమాయకపు గ్రాఫిక్స్ కార్డుల్ని మారుస్తారు, విండోస్‌ను పదేపదే ఎక్కిస్తారు, చివరికి సామాను కొన్న షాపుతో తగువు పడతారు.

అతను ప్లగ్గు పీకి, మిగిలిన కరెంటు పోయేందుకు పవర్ బటన్ కాసేపు నొక్కి పట్టుకున్నాడు. క్యాబినెట్ ఇనుమును ఓసారి తాకాడు. ఒంటి మీది స్టాటిక్ ఛార్జి మనకు తెలియకపోవచ్చు, చిప్పుకు తెలుస్తుంది. రెండు ర్యాములూ తీసి, బంగారుపూత అంచులు లైటు కింద చూసి, ప్రాసెసర్ నుంచి లెక్కపెడితే రెండో స్లాటులో, నాలుగో స్లాటులో మళ్లీ దించాడు. క్లిప్పు టక్కుమనేదాకా నొక్కాడు. కొత్త పీసీల్లో సగం దిగిన ర్యామ్ మామూలే. ఇక్కడ మాత్రం అది కాదు. ఆన్ చేసిన కాసేపటికే నీలం తెర.

తర్వాత బయోస్. డబ్బా మీద 3200 అని ఉంది. ఆ వేగం ఎక్స్‌ఎంపీ అనే సెట్టింగు పెడితేనే వస్తుంది. డీడీఆర్4కు మామూలుగా 1.2 వోల్టులు చాలు, ఇలాంటి కిట్లు చాలావాటికి 1.35 కావాలి. అతను ఎక్స్‌ఎంపీ తీసేసి 2400కు దించాడు. ఇక్కడితో క్రాషులు ఆగితే పోరు సెట్టింగుతోనే. ఆగకపోతే అనుమానం చిప్పు మీదికి వెళుతుంది. ఆగలేదు.

అప్పుడు జేబులోంచి పెన్‌డ్రైవ్ తీశాడు, మెమ్‌టెస్ట్86 ప్లస్ ఉన్నది. 1994లో క్రిస్ బ్రేడీ రాసిన ప్రోగ్రాం దీనికి మూలం. విండోస్ లేకుండానే నడుస్తుంది. నడవాలి కూడా, ఎందుకంటే విండోస్ కూర్చున్న చోటును విండోస్‌లోంచి పరీక్షించడం కుదరదు. ర్యామ్ అంతటా ఒక నమూనా రాస్తుంది, చదువుతుంది, తిరగేసి రాస్తుంది, మళ్లీ చదువుతుంది. రాసిందే తిరిగి రావాలి.

ఇరానీ చాయ్ వచ్చింది. ఇద్దరి కళ్లూ తెర మీదే. ఎంతసేపటికీ ఏమీ లేదు. అమ్మాయి ముఖంలో ఆశ కనిపించేలోపు ఎర్రటి గీత ఒకటి పడింది. వెంటనే ఇంకోటి. తర్వాత వరసగా.

"ఇగో చూడు. అన్నీ ఎఫ్‌లే రావాలె. ఈడ బి వచ్చింది."

ఎఫ్ అంటే నాలుగు ఒకట్లు. అందులో ఎడమ నుంచి రెండోది సున్నా అయితే బి. ప్రతి గీతలోనూ తప్పుతున్నది అదే బిట్టు, అడ్రసులన్నీ ఒకే చుట్టుపక్కల. ఒక ట్రాన్సిస్టరుతో, ఒక కెపాసిటరుతో ఒక బిట్టును దాచే పద్ధతికి ఐబీఎంలో రాబర్ట్ డెన్నార్డ్ 1968లో పేటెంటు పొందాడు. ఇప్పుడు ఒక్క 16 జీబీ ర్యామ్‌లో అలాంటి కణాలు 13,700 కోట్లకు పైగా ఉంటాయి. ఛార్జి కారిపోకుండా ప్రతి 64 మిల్లీసెకన్లలోపు అన్నింటినీ తిరిగి నింపుతుండాలి. అన్ని కోట్లలో కొన్ని నిలవలేకపోయాయి, ఈ అమ్మాయి కూడబెట్టుకున్న డబ్బంతా వాటి దగ్గర చిక్కుకుంది.

తప్పు ఏ ర్యామ్‌దో తేలాలి. ఒక్కొక్కటే, ఒకే స్లాటులో. మొదటిది శుభ్రంగా నడిచింది. రెండోది పెట్టగానే ఎరుపు. దాన్నే ఇంకో స్లాటుకు మార్చినా ఎరుపే. బోర్డు నిర్దోషి.

"ఈ పీసీల ఫొటోలు కాపీ చేసినవా?" అన్నాడతను.

ఆమె హార్డ్‌డిస్క్ ఇచ్చింది. షాపు లాప్‌టాప్‌లో తెరిస్తే, తలంబ్రాల ఫొటో ఒకటి సగం దాకా బాగుంది, కింద అంతా ఊదారంగులోకి జారి పక్కకు తప్పుకుంది. కాపీ అయ్యే ప్రతి ఫైలూ ర్యామ్ గుండానే పోతుంది. అక్కడ మారిన బిట్టు డిస్కులో అలాగే నిలిచిపోతుంది. క్రాష్ అయిన గంటలు కాదు, క్రాష్ కాకుండా పనిచేసిన గంటలే ఎక్కువ భయపెట్టాలి.

రిచర్డ్ హామింగ్ తప్పిన బిట్టును పట్టి సరిదిద్దే సంకేతాలను 1950లోనే ప్రచురించాడు. సర్వర్లలో ఈసీసీ ర్యామ్ ఆ పనే చేస్తుంది. గూగుల్ సర్వర్ల మీద 2009లో వచ్చిన అధ్యయనంలో, ఏడాదిలో దాదాపు 8 శాతం ర్యాముల్లో కనీసం ఒక తప్పు దొరికింది. అంత తెలిసీ ఇళ్లకు అమ్మే పీసీల్లో ఈ రక్షణ చాలావరకు పెట్టరు. ఒకరి పెళ్లి ఫొటో బ్యాంకు ఖాతా కన్నా తక్కువదని ఎవరు తేల్చారు? ఇది నాకు అన్యాయంగానే తోస్తుంది.

"కెమెరా కార్డులు ఫార్మాట్ చేసిన్రా?"

"లేదన్నా. ఫొటోగ్రాఫర్ దగ్గర్నే ఉన్నయి."

"మంచిగైంది. రెండు ర్యాములూ కలిపే వాపస్ ఇయ్యి. జతగ కొన్నవి కద, రెండూ అడుగుతరు. బిల్లు, డబ్బా, ఈ స్క్రీన్ ఫొటో తీస్కపో. కొత్తవి రాంగనే రాత్రంతా టెస్టు నడువాలె, ఒక్క తప్పు కూడ రావొద్దు. కార్డులు కాపీ చేసేది ఆ తర్వాతనే."

ఆమె ఫోనులో ఎర్ర గీతల్ని ఫొటో తీసుకుంటూ ఆగిపోయింది. "ఈ వారం చేసిన ఆల్బమ్ ఒకటి రేపు ప్రింటుకు పోతది."

"ఆపు."

ఆమె అప్పటికే ఆబిడ్స్‌లోని ల్యాబుకు ఫోన్ కలిపింది. "భయ్యా, రేపటి ఆల్బమ్ ప్రింట్ చెయ్యకండి. ఫైళ్లన్నీ మళ్ల పంపిస్త."